బీపీకి మూడు మందుల మాత్ర రాశారు, పాతవి ఆపమని ఎవరూ చెప్పలేదు

సీతమ్మధార_అమ్మాయి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారి విషయం రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాన్నగారికి 68 ఏళ్లు. పోర్టులో చేసి రిటైరయ్యారు. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. పొద్దున టెల్మిసార్టాన్ 40, రాత్రి ఆమ్లోడిపిన్ 5, రెండూ విడి మాత్రలే. ఇన్నాళ్లూ పై నంబరు 130, 135 మధ్యే ఉండేది. పోయిన నెల చెకప్‌కి వెళ్తే 164/96 వచ్చింది. అక్కడ కొత్త డాక్టరు గారు చూసి ఒక కాంబినేషన్ మాత్ర రాశారు, రోజూ పొద్దున ఒకటి. చీటీలో ఆ పేరొక్కటే ఉంది. పాతవి ఆపాలా, వాటితో పాటే వేసుకోవాలా అన్న ముక్క లేదు. మేమూ అడగలేదు. బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారు, మేం లోపల ఉన్నది నాలుగు నిమిషాలు.

నాన్నగారు మందుల విషయంలో చాలా పద్ధతి మనిషి, ఒక్క పూట కూడా మానరు. పాతవి వేసుకుంటూనే కొత్తది మొదలుపెట్టారు. తొమ్మిది రోజులు అలాగే నడిచింది. శుక్రవారం పొద్దున తులసికోటలో నీళ్లు పోయడానికి వంగి, లేవబోయి, అలాగే గోడకి జారిపోయారు. చెంబు దొర్లిన చప్పుడికి అమ్మ పరిగెత్తింది. ఒళ్లంతా చెమట. పిలిస్తే ఊఁ అంటున్నారు గానీ కళ్లు తెరవడం లేదు. ఇంట్లో మెషిన్ పెట్టి చూస్తే 88/54.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. రక్తంలో సోడియం 128, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7. ఆరు నెలల క్రితం క్రియాటినిన్ 1.1 ఉండేది. నిన్న ఇంటికి తెచ్చాం, ఇప్పుడు తేరుకున్నారు. బీపీ మందులన్నీ ప్రస్తుతానికి ఆపి, బుధవారం మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు.

రాత్రి కూర్చుని ఆ కొత్త స్ట్రిప్ వెనక టార్చి వేసి చదివాను. చీమ తలంత అక్షరాలు. టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5. పాత మందులు రెండూ అందులోనే ఉన్నాయి! అంటే తొమ్మిది రోజులు ఆ రెండూ రెట్టింపు పడ్డాయి, దాని మీద హైడ్రోక్లోరోథయజైడ్, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్ర కూడా. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మీ ఇళ్లలో ఇలాంటి మాత్రలు వాడుతుంటే ఎలా జాగ్రత్త పడుతున్నారో చెప్పండి.

పూర్ణామార్కెట్_మందులషాపు | ఆదివారం, రాత్రి 9:50

అమ్మా, ముందు నాన్నగారు తేరుకున్నారు, అది చాలు. మీరొక్కరే కాదు, కౌంటర్ దగ్గర ఇలాంటివి తరచూ చూస్తుంటాను.

గొడవంతా పేరులో ఉంది. బ్రాండు పేరు ముందు సగం ఒకటే ఉంటుంది, చివర రెండు అక్షరాలు మారతాయి. ఏఎం అని ఉంటే ఆమ్లోడిపిన్ కలిసిందని, హెచ్ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ అని, సీటీ అనో సీహెచ్ అనో ఉంటే మామూలుగా క్లోర్‌థాలిడోన్ (అదీ నీళ్ల మాత్రే) అని. జనం ముందు సగం చూసి "అదే మాత్ర కదా" అనుకుంటారు. లేదంటే కంపెనీ మారి పేరు మొత్తం వేరుగా కనిపిస్తే "ఇది కొత్త మందు" అనుకుని రెండూ వేసుకుంటారు. అక్షరాలు కూడా అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండవు. అందుకని మీరు చేసినట్టు వెనక వైపు చదవడమే దారి.

ఇంకో మాట. పదిహేను మాత్రల స్ట్రిప్‌లో ఐదు చాలంటే కత్తిరించి ఇస్తాం. చాలాసార్లు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మా దగ్గరే మిగిలిపోతుంది. మీ చేతికి వచ్చేది వట్టి వెండి రేకు. బీపీ మందులు మటుకు పూర్తి స్ట్రిప్పే తీసుకోండి. కుదరకపోతే కత్తిరించక ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏ షాపువాళ్లూ కాదనరు.

గాజువాక_అన్నయ్య | ఆదివారం, రాత్రి 10:25

చెల్లెమ్మా, చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు. కానీ నా అనుభవంతో ఒకటి చెప్తాను. అసలు ఈ కలిపి చేసిన మాత్రలే వద్దు. విడివిడిగా ఉంటే ఏది ఎక్కువైందో, ఏది పడలేదో తెలుస్తుంది. ఒకటి తగ్గించాలంటే తగ్గించుకోవచ్చు. మూడూ ఒకదాంట్లో పెట్టేస్తే మనిషికి ఏం తెలుస్తుంది? నేను పన్నెండేళ్లుగా విడి మాత్రలే వాడుతున్నాను. ఏ ఇబ్బందీ లేదు.

మద్దిలపాలెం_ఫిజీషియన్ | సోమవారం, ఉదయం 6:40

నేను జనరల్ ఫిజీషియన్ని. మనిషిని చూడకుండా మందు మార్చమని చెప్పను, తెలిసిన సంగతులు రాస్తాను.

గాజువాక అన్నగారి మాటలో నిజం ఉంది. మోతాదు ఇంకా కుదురుకోని రోజుల్లో విడి మాత్రలే వీలుగా ఉంటాయి. అయితే కాంబినేషన్ మాత్ర అసలు చెడ్డదని మాత్రం అనుకోవద్దు. ఒక్క మందుతో బీపీ అదుపులోకి రానివాళ్లే ఎక్కువ. అదే మందుని రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది కొంచెమే. వేరే దారిలో పనిచేసే రెండో మందు చేరిస్తే దానికి సుమారు ఐదు రెట్లు తగ్గుతుంది. రోజుకి ఒక్క మాత్రయితే మానేసే రోజులు కూడా తగ్గుతాయి. ఇంకో లాభం, ఆమ్లోడిపిన్ ఒక్కటే వాడితే కొందరికి చీలమండలు వాస్తాయి. టెల్మిసార్టాన్ తోడైతే ఆ వాపు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి బీపీ మాత్రలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, 2021 మార్గదర్శకాల్లో కూడా వీలైతే ఒకే మాత్రగా ఇవ్వమంది.

ప్రమాదం మందు మారే రోజున ఉంటుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు, డాక్టరు మారిన రోజు, షాపులో బ్రాండు మారిన రోజు. కొత్త చీటీ చేతికి రాగానే ఒక్కటే అడగండి: "ఇంతకు ముందువి వీటిలో ఏవి ఆపాలి?" సమాధానం చీటీ మీద రాయించుకోండి. రాయడం మా బాధ్యత, అందులో రెండో మాట లేదు.

సీతమ్మధార అమ్మాయి గారూ, మీ పోస్టులో నాకు ఒకటి అంతుపట్టలేదు. ఎనిమిదేళ్లు 130 దగ్గరున్న బీపీ, ఒక్కసారిగా 164కి ఎందుకు పోయింది? ఈ రెండు నెలల్లో నాన్నగారు కొత్తగా ఏమైనా మింగుతున్నారా? నడుంకో మోకాలికో నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, ఎవరైనా ఇచ్చిన పొడులు? వాటిని మందుల కింద లెక్కవేయరు, అందుకే అడిగితే చెప్పరు. వెతికి చూడండి.

సీతమ్మధార_అమ్మాయి | సోమవారం, ఉదయం 8:05

డాక్టరు గారూ, మీరు అడిగింది నాన్నగారినే అడిగాను. "ఏమీ లేవమ్మా" అన్నారు. అమ్మ మాత్రం లోపలికి వెళ్లి ఆయన కళ్లజోడు పెట్టె తెచ్చింది. పాత కళ్లజోడు కింద మడతపెట్టిన రేకు. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు. మోకాళ్ల నొప్పికి వాకింగ్‌లో స్నేహితుడు చెప్పారట. ఆరు వారాలుగా రోజూ ఒకటి, నొప్పి ఎక్కువైన రోజు రెండు. "అవి నొప్పి మాత్రలు కదా, బీపీ మందులు కాదుగా" అంటున్నారు. ఆయన తప్పేం లేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

మద్దిలపాలెం_ఫిజీషియన్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

అదేనమ్మా నేను భయపడింది. ఇప్పటికి ఆ నొప్పి మాత్ర ఆపేయండి, బుధవారం ఆ రేకు కూడా పట్టుకెళ్లి మీ డాక్టరుకి చూపించండి.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలవబెడతాయి. బీపీ పెంచుతాయి, బీపీ మందు బలాన్ని తగ్గిస్తాయి. అంటే మొదట 164 రావడానికి ఈ మాత్రే కారణం అయి ఉండొచ్చు. అది తెలియక ఇంకో మందు కలిపారు.

ఇక కిడ్నీ సంగతి. వడపోత జరిగే చోటికి రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకెళ్లే నాళం ఒకటి ఉంటాయి. నొప్పి మాత్ర మొదటిదాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ రెండోదాన్ని వదులు చేస్తుంది. నీళ్ల మాత్ర ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి పడితే వడపోతకి కావలసిన ఒత్తిడే ఉండదు, క్రియాటినిన్ ఎగబాకుతుంది. వయసు పెద్దది, పైగా మన వైజాగ్ ఉక్కపోత. చాలామందిలో సకాలంలో ఆపితే కిడ్నీ మళ్లీ కోలుకుంటుంది. మీరు తొందరగా పట్టుకున్నారు.

కేజీహెచ్_రిటైర్డ్_సిస్టర్ | సోమవారం, రాత్రి 8:15

నేను ముప్పై ఏళ్లకి పైగా వార్డులో బీపీ చూసినదాన్ని. ఒకటి చెప్తాను తల్లీ, పెద్దవాళ్లకి కూర్చోబెట్టి చూస్తే సరిపోదు, నిలబెట్టి కూడా చూడాలి. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనించి కూర్చోబెట్టు. కాలు మీద కాలు వద్దు, మాటలు వద్దు. అరగంట ముందు నుంచి కాఫీ వద్దు, చుట్ట అలవాటుంటే అదీ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చుంటే నంబరు పెరుగుతుంది, వెళ్లొచ్చాకే చూడు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకో. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి చూడు. పై నంబరు 20 గానీ కింది నంబరు 10 గానీ పడిపోతే డాక్టరుకి చెప్పాలి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ లాంటివి వాడే మగవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడే పడిపోతారు. మంచం అంచున కాసేపు కూర్చుని లేవమని చెప్పు.

ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఒక్కరోజు 150 వచ్చిందని అదనంగా ఇంకో మాత్ర వేసేయకండి. వెనకటికి నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు వేసేవాళ్లు. బీపీ దబ్బున పడిపోయి పక్షవాతం వచ్చినవాళ్లు ఉన్నారు, ఇప్పుడు ఆ పద్ధతి మానేశారు. ఇంకా ఎక్కడైనా ఎవరైనా వేస్తానంటే ఒప్పుకోకండి.

గోపాలపట్నం_భక్తుడు | సోమవారం, రాత్రి 9:40

నాకు 54. టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. పోయిన ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాను. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. ముప్పై రెండు కిలోమీటర్లు. ఆ పొద్దున కూడా మాత్ర వేసుకున్నాను, మానకూడదు కదా అని. ఉపవాసం. దారి పొడుగునా మంచినీళ్లు మాత్రం బాగా తాగాను. మాధవధార వచ్చేసరికి పిక్కలు రెండూ పట్టేశాయి, కళ్ల ముందు చీకట్లు. మెడికల్ క్యాంపులో చూస్తే 94/60. రెండు గంటలు పడుకోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ ఇచ్చారు. అంత నీళ్లు తాగినా ఇలా ఎందుకైందో నాకిప్పటికీ తెలీదు.

మద్దిలపాలెం_ఫిజీషియన్ | సోమవారం, రాత్రి 10:10

చెమటలో నీరే కాదు, ఉప్పు కూడా పోతుందండీ. క్లోర్‌థాలిడోన్ మూత్రంలో కూడా ఉప్పుని తోసేస్తుంది. ఆ రెండూ పోయి, లోపలికి వట్టి మంచినీళ్లే వెళ్తే సోడియం ఇంకా పలచబడుతుంది. ఈసారి వెళ్లే ముందు వారం మీ డాక్టరుని కలిసి, ఆ రోజు మాత్ర ఏం చేయాలో అడిగి వెళ్లండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లోనూ అంతే. అలాంటప్పుడు నీళ్ల మాత్ర, సార్టాన్ జాతి మాత్ర ఒకటి రెండు రోజులు ఆపమని చాలాసార్లు చెప్తాం. ఫోన్ చేసి అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు, ఆపమంటే తిరిగి మొదలుపెట్టడం మర్చిపోవద్దు.

అలాగని అన్నీ ఒకేలా ఆపేవి కావు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి, క్లోనిడిన్ ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఎగిరిపడుతుంది. మీ మాత్రలో ఏముందో తెలియకుండా ఏదీ ఆపకూడదు.

మధురవాడ_31 | మంగళవారం, ఉదయం 10:30

నాకు 31 ఏళ్లు. రెండేళ్లుగా టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. పెళ్లై ఏడాదైంది, పిల్లల కోసం అనుకుంటున్నాం. ఈ మాత్ర ఇచ్చినప్పుడు నాకు పెళ్లి కాలేదు, అందుకేనేమో ఎవరూ ఏమీ చెప్పలేదు. టెన్షన్‌గా ఉంది.

మద్దిలపాలెం_ఫిజీషియన్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అమ్మా, ఇది వాయిదా వేయకండి, ఈ వారమే డాక్టరుని కలవండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి సార్టాన్‌లు, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి ప్రిల్‌లు గర్భంతో ఉన్నప్పుడు పనికిరావు. కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. లబెటలాల్, నిఫెడిపిన్ నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, మిథైల్‌డోపా లాంటివి గర్భంలో వాడుతున్నవే. గర్భం రాకముందే మార్చుకుంటే హాయి. మీరు మాత్రం సొంతంగా ఆపేసి కూర్చోవద్దు, బీపీ పెరిగినా తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. నెల తప్పిందని అనుమానం వస్తే ఆ రోజే ఫోన్ చేయండి.

గాజువాక_అన్నయ్య | మంగళవారం, సాయంత్రం 6:20

డాక్టరు గారూ, మీరు చెప్పాక నా మాత్రలన్నీ బల్ల మీద పరిచి వెనక వైపు చదివాను. పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి, నిజం చెప్తున్నాను. గుండె డాక్టరు రాసినదాంట్లో రామిప్రిల్ ఉంది. కంపెనీ క్లినిక్ రాసినదాంట్లో టెల్మిసార్టాన్ ఉంది. విడి మాత్రలైతే తెలుస్తుందన్నాను గానీ నాకే తెలియలేదు. ఈ రెండూ కలిపి వాడొచ్చా? ఏడాదిగా పొడి దగ్గు కూడా ఉంది.

మద్దిలపాలెం_ఫిజీషియన్ | మంగళవారం, రాత్రి 9:00

అన్నగారూ, చదివి చెప్పినందుకు సంతోషం. బీపీ కోసం ప్రిల్, సార్టాన్ రెండూ కలపరు. సరిగ్గా ఈ రెండు మందులనే కలిపి ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన 2008లో వచ్చింది. లాభం పెరగలేదు, బీపీ మరీ పడిపోవడం, కిడ్నీ ఇబ్బందులు మాత్రం పెరిగాయి. పొడి దగ్గు రామిప్రిల్ వల్ల కావచ్చు. రెండు చీటీలూ పట్టుకుని గుండె డాక్టరు దగ్గరికే వెళ్లండి, ఏది ఉంచాలో ఆయన తేలుస్తారు. క్రియాటినిన్, పొటాషియం కూడా చూపించుకోండి.

పెందుర్తి_కోడలు | బుధవారం, ఉదయం 7:15

పొటాషియం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా మామగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, కిడ్నీ కొంచెం దెబ్బతిందన్నారు. లోసార్టాన్ వాడుతున్నారు. ఉప్పు తగ్గించాలని బజార్లో దొరికే లో సోడియం ఉప్పు తెచ్చాను. రోజూ ఒక కొబ్బరిబోండాం కూడా ఇస్తున్నాం. తప్పు చేస్తున్నామా?

మద్దిలపాలెం_ఫిజీషియన్ | బుధవారం, ఉదయం 7:50

ఆ ఉప్పులో సోడియం తగ్గించి దాని చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారమ్మా. కిడ్నీ బాగున్నవాళ్లకి మంచిదే. కిడ్నీ దెబ్బతిని, లోసార్టాన్ లాంటిది వాడేవాళ్లకి పొటాషియం సరిగ్గా బయటికి పోదు, పేరుకుంటుంది. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. పరీక్ష చేయించేదాకా రెండూ ఆపండి. మామూలు ఉప్పే వాడి, మొత్తం మీద తగ్గించండి. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచాలోపు. ఆవకాయ, ఎండుచేప, అప్పడం కూడా అందులోకే వస్తాయి.

పూర్ణామార్కెట్_మందులషాపు | బుధవారం, మధ్యాహ్నం 3:40

నిన్న జరిగింది చెప్తాను. ఒక పెద్దాయన జనఔషధి కేంద్రంలో జనరిక్ కొన్నారు, డబ్బు మిగులుతుందని. మంచి పనే. అదయ్యాక మా దగ్గరికి వచ్చి పాత బ్రాండు కూడా అడిగారు. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చూపించాను, మందు ఒకటే, మోతాదు ఒకటే. అప్పటికి నాలుగు రోజులుగా రెండూ వేసుకుంటున్నారు. ఈ చర్చ చదువుతున్నాను కాబట్టి అడిగాను. లేకపోతే ఇచ్చి పంపేసేవాణ్ణే, అది తలుచుకుంటే బాధేసింది. ఇకనుంచి బీపీ మందుకి వచ్చిన ప్రతివాళ్లనీ "పాతవి ఏమున్నాయి" అని అడుగుతాను.

సీతమ్మధార_అమ్మాయి | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:30

అడిగినవాళ్లందరికీ, ఫోన్ చేసి ధైర్యం చెప్పినవాళ్లకీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెప్తాను.

మొదటి బుధవారం క్రియాటినిన్ 1.4, సోడియం 134. ఎసిక్లోఫెనాక్ రేకు చూసి మా డాక్టరు గారు కూడా అదే మాట అన్నారు. ముందు ఆమ్లోడిపిన్ 5 ఒక్కటే మొదలుపెట్టారు. పది రోజులకి క్రియాటినిన్ 1.1కి దిగింది, సోడియం 138. అప్పుడు టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన ఒక్క మాత్ర ఇచ్చారు, నీళ్ల మాత్ర లేకుండా. మోకాళ్లకి పైపూత జెల్, కండరాల వ్యాయామం, మరీ నొప్పయితే పారాసెటమాల్.

వారం రోజులుగా రాసుకున్న సగటు 132/78. అంటే నాన్నగారికి మూడో మందు అవసరమే లేకపోయింది.

సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే నిలబెట్టి చూస్తున్నాను. ఇవాళ పొద్దున కూర్చుంటే 134/80, నిలబడ్డ మూడు నిమిషాలకి 128/78. పడక దిగేముందు కాసేపు కూర్చుని లేస్తున్నారు.

మొదట చీటీ రాసిన డాక్టరు గారి దగ్గరికి కూడా వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికి కాదు. రెండు స్ట్రిప్పులూ, రిపోర్టులూ బల్ల మీద పెట్టాను. చాలాసేపు చూశారు. "పాతవి ఆపమని నేను రాయాల్సింది" అన్నారు. నా ముందే తర్వాతి పేషెంటు చీటీ మీద ఎర్ర పెన్నుతో "ఇవి ఆపాలి" అని ఒక గీత కింద రాశారు.

ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. బ్రాండు పేరు కాదు, మందు పేరు, ఎంత మోతాదు, ఏ పూట, ఎందుకు, ఏ తేదీ నుంచి. కింద ఆపేసినవి, ఆపిన తేదీ. నొప్పి మాత్రలు అడగకుండా వేసుకోకూడదని నాన్నగారే తన చేత్తో రాసుకున్నారు. దాని ఫొటో అమ్మ ఫోన్లో, నా ఫోన్లో, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి ఫోన్లో ఉంది. పాత మాత్రలు మిగిలినవన్నీ మూటకట్టి ఇంట్లోంచి తీసేశాను. కళ్లజోడు పెట్టెలో ఇప్పుడు కళ్లజోడే ఉంది, రోజూ చూస్తున్నాను.

పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ రెండు వారాల తర్వాత చేయించమన్నారు. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.